కాగితంలో ఏముందో చెప్పని నవల గారికి

మహారాజశ్రీ డిటెక్టివ్ నవల గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం, ఒక్క ఆదివారం మధ్యాహ్నం తప్ప. అది మీ చేతుల్లో పోయింది.

మీ అట్ట వెనక రెండు మాటలున్నాయి. కొత్తగా ప్రమోషన్ వచ్చిన మహిళా ఇన్‌స్పెక్టర్ మొదటి కేసు అని ఒకటి, హంతకుడెవరో చివరిదాకా ఊహించలేరు అని ఇంకొకటి. మొదటి మాటకి కొన్నాను, రెండో మాటకి రోషం వచ్చింది. ఫోన్ ఆపేసి, తలుపేసుకుని, పెన్సిలూ నోట్‌బుక్కూ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. అనుమానితుల జాబితా రాసుకుంటూ చదవడం నా పాత జబ్బు.

చిన్న చిన్న విషయాలు మన్నించాను. మీ డాక్టరు గారు శవాన్ని ఒక్క చూపు చూసి, ప్రాణం పోయింది రాత్రి 11.40కి అన్నారు. గది ఎంత వేడిగా ఉంది, ఒంటి మీద బట్టలెన్ని, మనిషి లావెంత, ఇవన్నీ చూసుకున్నాక కూడా మామూలు డాక్టర్లు ఇన్నింటికీ ఇన్నింటికీ మధ్య అనే చెబుతారు. మీ ఆయన గోడ గడియారం చూసి చెప్పినట్టున్నారు. పోనివ్వండి. కింద ఆరుగురు సిబ్బంది ఉండగా ఇన్‌స్పెక్టర్ గారు పాడుబడ్డ గోడౌన్‌కి ఒంటరిగా వెళ్లారు, అప్పుడే ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. అదీ పోనివ్వండి. ఆడ డిటెక్టివ్‌ని మీ స్టేషనంతా తోకచుక్కని చూసినట్టు చూసింది. 1856లోనే కేట్ వార్న్ అనే ఆవిడ షికాగోలో పింకర్టన్ డిటెక్టివ్ సంస్థలో చేరింది. గుమాస్తా పనికి వచ్చిందేమో అనుకున్న యజమానితో, మగవాళ్లు వెళ్లలేని చోటికి ఆడవాళ్లు వెళ్లి రహస్యాలు రాబట్టగలరని వాదించి మరీ చేరిందట. మీ స్టేషన్‌కి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఇప్పుడు 212వ పేజీకి వద్దాం.

చనిపోయినాయన బల్ల సొరుగు. అడుగున పరిచిన పాత న్యూస్‌పేపర్ కింద మడతపెట్టిన కాగితం. ఇన్‌స్పెక్టర్ గారు విప్పారు. అందులో ఉన్నది చదివి ఆమె నిశ్చేష్టురాలైంది. అధ్యాయం అయిపోయింది.

తర్వాతి అధ్యాయంలో చెబుతారుగా అని పేజీ తిప్పాను. వాన పడుతోంది. మూడు పేజీలు పడింది.

ఆ తర్వాత ఆవిడ ఆ కాగితాన్ని జేబులోంచి ఐదుసార్లు తీశారు, లెక్కపెట్టాను. (సాక్ష్యాన్ని జేబులో పెట్టుకు తిరగడమేమిటి? కవర్లో పెట్టి సీలు వేసి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో రాసుకోవద్దూ? అవతలి లాయరుకి పండగే.) లిఫ్టులో తీసి చూసి నిట్టూర్చారు. జీపులో తీసి చూసి తల అడ్డంగా ఊపారు. జూనియర్‌కి చూపిస్తే అతను "మేడమ్!" అని ఊరుకున్నాడు. ల్యాబ్ వాళ్లూ చూశారు. ఆఖరికి హంతకుడి ముందే బల్ల మీద పడేశారు, ఆయనా చూశాడు. చూడనిది నేనొక్కదాన్నే. డబ్బులిచ్చిందీ నేనొక్కదాన్నే.

పోనీ కథని దూరం నుంచి చెబుతున్నారా అంటే అదీ కాదు. మొదటి పేజీ నుంచీ నన్ను ఆవిడ మనసులోనే కూర్చోబెట్టారు. ఎడమ కాలి బూటు కరుస్తోందని నాకు తెలుసు. పెళ్లి ఎందుకు చెడిందో తెలుసు. చిన్నప్పుడు వాళ్ల నాన్న యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే వచ్చే వాసన కూడా తెలుసు. కాగితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మనసుకి తాళం పడుతుంది.

తాళం తీసింది 340వ పేజీలో. అది ఆ ఊళ్లోనే ఉన్న లాడ్జి రసీదు. హత్య జరిగిన రాత్రి తేదీ, పెద్దాఫీసరు గారి సంతకం. ఆవిడ ప్రమోషన్‌కి సిఫారసు చేసిన పెద్దమనిషే. ఆయన పేరు నా జాబితాలో ఒకటో నంబరు! 96వ పేజీలో, ఆ రాత్రి ఆయన వేరే ఊళ్లో ఉన్నాడని మీరు చెబితే నమ్మి, నా చేత్తో నేనే కొట్టేశాను. ఆ ఒక్క రసీదు చూపించి ఉంటే 213వ పేజీకల్లా పట్టుకునేదాన్ని.

ఇక గారూ గీరూ చాలు. నువ్వు చేసింది మోసం. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించి తీరాలని 1929లోనే రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు డిటెక్టివ్ కథల రచయిత నియమం రాసిపెట్టాడు. ఆయన రాసిన పదింటిలో అది ఎనిమిదోది. ఆయన మతగురువు కూడా, కనీసం పాపభీతైనా ఉండాలి కదా నీకు! ఊహించలేరట. గుప్పిట మూసి ఏముందో చెప్పమంటే ఎవరు చెబుతారు?

నీ మొదటి వంద పేజీల గోలేమిటి అసలు? ఆవిడకి కుర్చీ ఇచ్చారు, ఫైల్ ఇవ్వలేదు. మీటింగ్ పదింటికని చెప్పి తొమ్మిదిన్నరకే కానిచ్చేశారు. ఆవిడ గదిలోకి రాగానే మాటలు ఆపేసి కిటికీలోంచి బయటికి చూశారు. చదువుతుంటే నాకు ఒళ్లు మండింది, ఆఫీసులో నాకు జరిగినవన్నీ గుర్తొచ్చాయి. ఆవిడ తరఫున అంత బాధపడ్డదానివి, అదే పని నాకెలా చేశావు? రమ్మన్నావు, కుర్చీ వేశావు, ఫైల్ దాచేశావు. ఆ స్టేషన్ వాళ్లకీ నీకూ తేడా ఏముంది?

అయినా ఆ ముసలమ్మని ప్రశ్నించే సీను ఉంది చూడు, 158వ పేజీ. ఇన్‌స్పెక్టర్ ఒక్క ప్రశ్న కూడా వెయ్యదు. ఆవిడ పక్కన కూర్చుని, ఆరిన బట్టలు మడతపెట్టడంలో సాయం చేస్తుంది, అంతే. నాలుగో చీర మడత పెడుతుండగా ముసలమ్మే నోరు విప్పుతుంది. ఆ పేజీ రెండుసార్లు చదివాను. అలా రాయడం చేతనైనదానికి రసీదు దాచే ఖర్మ ఎందుకు పట్టిందో!

రెండో భాగం వస్తోందని ఆఖరి పేజీలో వేశావు. కొంటాను, నాకు సిగ్గు లేదు. కొనేది ఆవిడ కోసం, నీ కోసం కాదు. ఈసారి ఆవిడకి ఏ కాగితం దొరికినా, భుజం మీంచి నన్నూ ఒకసారి తొంగిచూడనివ్వు.

ఇట్లు,
ఒకటో నంబరు కొట్టేసుకున్న పాఠకురాలు