మరుగుదొడ్డి పేజీ తీసెయ్యాలట!

ఇవాళ పొద్దున్నే మెయిల్ తెరిచాను. అప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది. కాఫీ తాగినా తగ్గలేదు కాబట్టి ఇక్కడ కక్కేస్తున్నా. పోస్టు పొడుగు. ఓపిక లేనివాళ్లు లైకు కొట్టి వెళ్లిపోండి, ఏమీ అనుకోను.

సంగతేంటంటే, తుఫానో వరదో వచ్చి జనాన్ని పునరావాస కేంద్రాలకి తరలించినప్పుడు అక్కడ పిల్లల బాగోగులు చూడాల్సినవాళ్ల కోసం ఒక శిక్షణ పుస్తకం తయారు చేస్తున్నాం. అంటే అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, ఆశా కార్యకర్తలు, గ్రామ సచివాలయాల్లో పనిచేసే మహిళా పోలీసులు, ఊళ్లో నలుగురి కోసం ముందుకొచ్చే కుర్రాళ్లు. తీరప్రాంతం టీచర్లతో కూర్చుని, వాళ్లు చెప్పింది రాసుకుని, రాసింది వాళ్లకే చదివి వినిపించి, "ఇది మా బుర్రకెక్కదు మేడమ్" అన్నవన్నీ కొట్టేసి మళ్లీ రాసి పంపాం. దాని మీద పైవాళ్ల అభిప్రాయాలు ఇవాళ వచ్చాయి. ఏ పైవాళ్లు అని అడక్కండి. డబ్బులిచ్చేవాళ్లకీ మాకూ మధ్యలో ఉండే బాపతు. ఏసీ గది, ల్యాప్‌టాప్, వరద అంటే టీవీలో చూడటమే.

మొదటి అభిప్రాయం వినండి. కేంద్రంలోని మరుగుదొడ్లకి లోపలి వైపు గడియ ఉందా, రాత్రిపూట లైటు వెలుగుతోందా, ఆడపిల్లలకీ మగవాళ్లకీ వేరువేరుగా ఉన్నాయా, ఇవి మొదటి రోజే చూసుకోవాలని ఒక పేజీ రాశాం. దాని పక్కన పసుపు రంగు పూసి, "ఇది పారిశుధ్య విభాగం సబ్జెక్టు. బాలల రక్షణ మాడ్యూల్లో అవసరం లేదు. తొలగించగలరు" అని పెట్టారు.

తొలగించగలరట!

బాబూ, నువ్వెప్పుడైనా వరదలో జిల్లా పరిషత్ హైస్కూల్లో పడుకున్నావా? బెంచీలన్నీ గోడకి పేర్చేసి, నేల మీద పట్టాలు పరిచి, ఒక్కో క్లాసురూములో ఏడెనిమిది కుటుంబాలని సర్దుతారు. మరుగుదొడ్లు గ్రౌండు చివర ఉంటాయి. నేను చూసిన చోట తలుపు కింద సగం తుప్పు తినేసింది. గడియ ఉండాల్సిన చోట బొక్క ఉంది. ఒక తల్లి చీర కొంగుని ఆ బొక్కలో దూర్చి, ఇవతల గట్టిగా పట్టుకుని నిలబడింది. లోపల కూతురు. పన్నెండేళ్లుంటాయేమో ఆ పిల్లకి. చీకటి పడితే బయటికి వెళ్లాల్సి వస్తుందని మధ్యాహ్నం నుంచే మంచినీళ్లు తాగడం మానేసిందట. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. చుట్టూ చూస్తే ఊరంతా నీళ్లే.

ఇది పారిశుధ్య విభాగం సబ్జెక్టు అన్నమాట. సరే.

ఇంకో వింత చెప్తాను. మా పుస్తకంలో 'అంతర్జాతీయ ప్రమాణాలు' సరిగ్గా కనిపించడం లేదట. విపత్తుల్లో బాలల రక్షణకి కనీస ప్రమాణాలని ఒక పెద్ద పుస్తకం ఉంది. 2012లో వచ్చింది, 2019లో మార్చి మళ్లీ వేశారు. మొత్తం 28 ప్రమాణాలు. ఆ 28 ప్రమాణాలనీ స్లైడ్లుగా చేసి పెట్టమని రెండో అభిప్రాయం. ఆ ప్రమాణాలు చెడ్డవని నేను అనడం లేదు, మంచి పుస్తకమే, నా టేబుల్ మీదే ఉంటుంది. అందులో 26వ ప్రమాణం దేని గురించో తెలుసా? నీళ్లు, పారిశుధ్యం, పిల్లల రక్షణ, ఈ మూడింటినీ కలిపి ఎలా చూడాలన్న దాని గురించే! మరుగుదొడ్ల పేజీ తీసెయ్యమన్న మహానుభావుడే ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోమంటున్నాడు. అట్ట దాటి లోపలికి వెళ్లి ఉంటే కదా!

ఇక మూడోది. దీనికే నాకు నిద్ర పట్టేలా లేదు.

మేం ఒక రోల్ ప్లే పెట్టాం, అంటే తలా ఒక పాత్ర వేసి నేర్చుకునేది. కేంద్రంలో ఏడేళ్ల పిల్లాడు ఒక్కడే ఉన్నాడు. వాళ్లమ్మ ఏ పడవలో వెళ్లిందో, ఎటు వెళ్లిందో తెలీదు. ఒకాయన వచ్చి "వీడు మా అక్క కొడుకండీ, నేను మేనమామని" అంటూ ఆధార్ జిరాక్స్ చూపిస్తాడు. బిస్కెట్ ప్యాకెట్ కూడా తెచ్చాడు. టీచరు ఏం చెయ్యాలి? ఆధార్ చూసి సంతకం పెట్టించుకుని పంపించెయ్యడమేనా? కాదు. పిల్లాణ్ని పక్కకి తీసుకెళ్లి విడిగా మాట్లాడాలి. ఇంట్లో వాణ్ని ముద్దుగా ఏమని పిలుస్తారో, అమ్మమ్మ వాళ్లది ఏ ఊరో, పక్కింట్లో ఎవరుంటారో ఇద్దర్నీ వేరువేరుగా అడిగి సరిచూసుకోవాలి. ఆయన్ని చూడగానే పిల్లాడు దగ్గరికి పరిగెత్తాడా, టీచరు వెనక్కి నక్కాడా అన్నది కనిపెట్టాలి. అన్నీ సరిపోయినా సొంత నిర్ణయం తీసుకోకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యాలి, జిల్లా బాలల సంరక్షణ అధికారికి చెప్పాలి, 24 గంటల్లోగా విషయం బాలల సంక్షేమ సమితి ముందుకి వెళ్లాలి. బాల న్యాయ చట్టంలో ఉన్నదే. మా సొంత పైత్యం ఒక్క ముక్క లేదు.

దానికి వచ్చిన అభిప్రాయం: "బంధువుల మీద అనుమానం కలిగించేలా ఉంది. పాజిటివ్‌గా మార్చండి."

పాజిటివ్‌గా! అంటే మేనమామ రాగానే అందరూ చప్పట్లు కొట్టి, పిల్లాణ్ని చేతిలో పెట్టి, గ్రూపు ఫొటో దిగాలి కాబోలు.

2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చింది. అదే నెలాఖరున పదిమంది అమెరికన్లు 33 మంది పిల్లల్ని బస్సెక్కించి, అనాథలని చెప్పి పక్క దేశం డొమినికన్ రిపబ్లిక్‌కి దాటించబోతూ సరిహద్దులో దొరికిపోయారు. తీరా చూస్తే ఆ పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలు బతికే ఉన్నారు. అంతకు ముందు, 2007లో చాద్ దేశంలో ఒక ఫ్రెంచి సంస్థ 103 మంది పిల్లల్ని సూడాన్‌లోని డార్ఫుర్ అనాథలంటూ విమానం ఎక్కించబోయింది. అక్కడా అదే కథ. వాళ్లెవరూ మీసాలు మెలేసిన విలన్లు కారు. దేవుడి పేరు చెప్పి, సేవ పేరు చెప్పి, బోలెడంత పాజిటివ్‌గా వచ్చినవాళ్లే.

అంత దూరం ఎందుకు, 2021 మే నెల గుర్తు తెచ్చుకోండి. "తల్లీ తండ్రీ కోవిడ్‌తో పోయారు, పసిపాప, దత్తత కావాలంటే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అని మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని తిరిగాయి? పంపింది ఎవరు? డాక్టర్లు, ఇంజినీర్లు, మా చుట్టాలు, మీ చుట్టాలు. దత్తతకి చట్టం చెప్పిన దారి తప్పిస్తే మూడేళ్ల దాకా జైలు, బిడ్డని అమ్మినా కొన్నా అయిదేళ్ల దాకా కఠిన శిక్ష అని ఒక్కరికైనా తెలుసా? "పాపం పసిబిడ్డ" అని చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఫార్వర్డ్ కొట్టేశారు. ఇంత చదువుకున్నవాళ్లే బోల్తా పడ్డారు. అర్ధరాత్రి కరెంటు లేని బడిలో, రెండొందల మంది మధ్య, ఒక టీచరమ్మ ఎవరూ నేర్పకుండానే అన్నీ కనిపెట్టెయ్యాలి. పైగా ఆవిడకి అనుమానం రాకూడదు, పాజిటివ్‌గా ఉండాలి.

అసలు ఆ రోల్ ప్లే మేం గదిలో కూర్చుని అల్లింది కాదు. నాగాయలంక వైపు నుంచి వచ్చిన ఒక ఆయా చెప్పిన మాటల్లోంచి పుట్టింది. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెనకి ఆవిడ చిన్నపిల్ల. దగ్గర దగ్గర పదివేల ప్రాణాలు పోయిన ఉప్పెన అది. మిగిలిన పిల్లల్ని ఎవరెవరో వచ్చి ఎటెటో తీసుకుపోయారని, ఆవిడ పినతల్లి కూతురు ఎక్కడుందో ఈ రోజుకీ ఇంట్లో ఎవరికీ తెలీదని చెప్పింది. "ఒక్క కాగితం మీద పేరు రాసి పెట్టుకున్నా సరిపోయేదమ్మా" అంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాతే పిల్లల రిజిస్టర్ పేజీ తయారైంది. పేరు, ఇంట్లో పిలిచే పేరు, అమ్మానాన్నల పేర్లు, ఊరు, వీధి, ఒంటి మీద పుట్టుమచ్చలు, ఎవరితో వచ్చింది, ఎవరితో వెళ్లింది. గీతలు కొట్టిన తెల్ల నోటుబుక్కు చాలు.

దానికేమన్నారో తెలుసా? "ఆన్‌లైన్ ఫారం పెడదాం, డాష్‌బోర్డు వస్తుంది." అంటే లెక్కలన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయట.

2024 సెప్టెంబర్ మొదటి వారంలో విజయవాడలో ఉన్నవాళ్లెవరైనా ఇక్కడుంటే చెప్పండి. బుడమేరు వాగు ముంచినప్పుడు సింగ్ నగర్‌లో, రాజరాజేశ్వరి పేటలో ఫోన్లు పనిచేశాయా? కరెంటు లేదు, చార్జింగ్ లేదు. పాల ప్యాకెట్ కోసం మేడల మీద నుంచి కేకలు వేశారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు ఉరుకుతుంటే ఇతగాడికి డాష్‌బోర్డు కావాలి. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చేసింది. అక్కడివాళ్లని అడిగినా ఇదే చెప్తారు. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వీఆర్ పురం వైపు పరిస్థితీ ఇదే. వరదొస్తే ముందు పోయేది సిగ్నలే. అది తెలియని మనిషి వరదల మీద రాసిన పుస్తకాన్ని దిద్దుతాడు!

ఫొటోల గొడవ ఒకటి మిగిలింది. కేంద్రంలో పిల్లల ఫొటోలు తీసి పేపర్లకీ ఫేస్‌బుక్‌కీ ఇవ్వద్దని ఒక భాగం రాశాం. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం రక్షణ అవసరమైన పిల్లల వివరాలు, ఫొటోలు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. ఆ భాగం బాగుందని మెచ్చుకున్నారు. వెంటనే కింద ఇంకో వాక్యం: "కవర్ మీద వరద బాధిత చిన్నారి ఫొటో, నవ్వుతూ ఉన్నది, లోగోలు పైన." చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా వీళ్లొక్కళ్లనే అని ఏం లాభం? బ్రెడ్డు ప్యాకెట్ చేతిలో పెట్టి, అది వదలకుండా పట్టుకుని, పిల్ల కెమెరా వైపు చూసేదాకా ఆగే నాయకులు మనకేం తక్కువ? ఏ పార్టీ అని అడక్కండి, అందరూ ఒకే స్టూడియోలో ట్రైనింగ్ అయ్యారు.

చివరికి అసలు బాంబు. రెండు రోజుల శిక్షణని రెండు గంటలకి కుదించాలట, అదీ జూమ్‌లో. "అంగన్‌వాడీలు ఎలాగూ ఫోన్లు వాడతారు కదా."

వాడతారండీ. పిల్లల బరువు ఎక్కించడానికి, ఎత్తు ఎక్కించడానికి, గర్భిణి మొహం యాప్‌లో పట్టించడానికి, సర్వర్ తిరుగుతుంటే ఎదురుగా ఆవిడ తిడుతుంటే వినడానికి వాడతారు. ఇప్పుడు అదే చిన్న తెరలో, ఇంట్లో కూర మాడుతుంటే, ఏడుస్తున్న పిల్లాడితో ఎలా మాట్లాడాలో రెండు గంటల్లో నేర్చుకోవాలి. పిల్లాడు వణుకుతుంటే "ఏం జరిగింది, చెప్పు చెప్పు" అని గుచ్చకూడదని, పక్కన కూర్చుని వాడు మాట్లాడేదాకా ఆగాలని వీడియో చూసి నేర్చుకుంటారా ఎవరైనా? ఇది ఎదురెదురుగా కూర్చుని, ఒకరు పిల్లాడై, ఒకరు టీచరై, తప్పు చేసి, నవ్వుకుని, మళ్లీ చేస్తే వచ్చే పని. ఈత నేర్చుకోవాలంటే నీళ్లలో దిగాలి.

జూమ్ ఎందుకో కూడా అడిగాను. బస్సు చార్జీలకీ భోజనాలకీ బడ్జెట్ లేదట. లాంచింగ్ ఫంక్షన్‌కి ఉంది. హోటలు కూడా మాట్లాడేశారు.

ఇక్కడే నా పాత కుతకుత మళ్లీ పొంగింది. మన దగ్గర ఏ విపత్తు వచ్చినా మొదట పరిగెత్తేది ఈ అంగన్‌వాడీలే. పోలియో చుక్కలు వీళ్లే, సర్వేలు వీళ్లే, తుఫాను హెచ్చరిక వస్తే గర్భిణుల్ని ఆసుపత్రికి చేర్చేది వీళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నాటికి టీచరుకి నెలకి 11,500, ఆయాకి 7,000 రూపాయలు. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఆ గౌరవం ఎంతటిదో 2023 డిసెంబర్‌లో రోడ్డెక్కినప్పుడు చూశాం కదా! 42 రోజులు సమ్మె చేస్తే మధ్యలో ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం, ప్రయోగించారు. అత్యవసర సేవ అట. ఎస్మా పెట్టడానికి అత్యవసరం, జీతం అడిగితే స్వచ్ఛంద సేవ. అదే మనిషికి ఇప్పుడు పిల్లల అక్రమ రవాణాని కూడా అడ్డుకోమని పని అప్పజెప్తూ, బస్సు చార్జీ మాత్రం ఇవ్వరు.

నేను జవాబు రాసి పంపించేశాను. మరుగుదొడ్ల పేజీ ఉంటుంది, మేనమామ ఉంటాడు, నోటుబుక్కు రిజిస్టర్ ఉంటుంది, కవర్ మీద ఏ పిల్ల ఫొటోనూ ఉండదు. నచ్చకపోతే లోగోలు తీసేసుకోండి, జిరాక్స్ తీయించి మేమే పంచుకుంటాం అని చెప్పాను. కాంట్రాక్టు పోతుందేమో, పోనీ.

ఇక కామెంట్లలోకి వచ్చి "ఇంత నెగటివ్‌గా ఎందుకు మేడమ్, వాళ్లూ మంచి కోసమే చెప్తారు కదా" అనేవాళ్లకి ముందే ఒక మాట. ఈసారి తుఫాను హెచ్చరిక రాగానే ఏదో ఒక కేంద్రంలో ఒక్క రాత్రి గడిపి రండి, నేల మీద పట్టా వేసుకుని. పొద్దున మాట్లాడుకుందాం. అంగన్‌వాడీ టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే మాత్రం, మీ కేంద్రంలో మీకు ఎదురైన చిక్కు ఏదైనా, పిల్లల పేర్లూ ఊళ్ల పేర్లూ రాయకుండా, నాకు మెసేజ్ పెట్టండి. ఇంకా నాలుగు రోల్ ప్లేలకి చోటుంది.