కొత్తవాళ్ళకి ఏ కీర్తన వినిపించకూడదు

మా మేనల్లుడు షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఓ ఆదివారం మైలాపూరులో మా ఇంటికి భోజనానికొచ్చి, పెరుగన్నంలో మాగాయ నంజుకుంటూ, "మామయ్యా, కర్ణాటక సంగీతం విందామనుకుంటున్నా. ముందు ఏం వినమంటావ్?" అన్నాడు. పాపం తెలియక అడిగాడు. చెన్నైలో, అందులోనూ ఊరంతా కచేరీలు జరిగే డిసెంబరు సీజన్ ముందు, వీధి తలుపు తీసి ఉండగా అడగాల్సిన మాట కాదది.

సాయంత్రానికల్లా మా అపార్ట్‌మెంట్ కింద జనరేటర్ పక్కన నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు పడ్డాయి.

రెండో అంతస్తు నెల్లూరాయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. 'విరిబోణి'తో మొదలుపెట్టమన్నారు. పచ్చిమిరియం ఆదియప్పయ్య వర్ణం, భైరవి రాగం, అట తాళం, ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టు తిరగడానికి, 14 అక్షరాలు. "ముందు తొడ మీద తాళం వెయ్యడం రావాలి నాయనా. పాట ఎక్కడికీ పోదు, తర్వాత వినొచ్చు" అన్నారు. ఆయన పక్కనున్న ఇంజినీరుగారికి ఈ నత్తనడక నచ్చలేదు. మహా వైద్యనాథ అయ్యర్ గారి మేళరాగమాలిక పెట్టుకుంటే ఒక్క దెబ్బకి 72 మేళకర్త రాగాలూ, అంటే మూల రాగాలన్నీ, అయిపోతాయి, బోలెడు టైమ్ కలిసొస్తుంది అని ఆయన లెక్క. వీళ్ళిద్దరూ కుర్రాణ్ణి మరీ గారం చేస్తున్నారని మూడో ఆయన బాధ. ఆయన చెప్పింది అదే అయ్యర్ గారి 'గౌరీ నాయక'. కానడ రాగం, సింహనందన తాళం, ఆవర్తనానికి 128 అక్షరాలు. "ఇది తట్టుకున్నాడంటే ఇంక దేనికీ భయపడడు" అన్నారు, టీకా వేయించే డాక్టరులాగా.

మావాడు అన్నీ బుద్ధిగా ఫోనులో రాసుకున్నాడు. తొంగిచూశాను. చివర "128??" అని ఉంది.

ఇక్కడ సిఫారసు శాస్త్రంలోని మూలసూత్రం ఒకటి మనవి చేస్తాను. కొత్తవాడికి పాట చెప్పేటప్పుడు అది వాడికి నచ్చుతుందా అని చూడకూడదు. అది చెప్పినందుకు పక్క కుర్చీలో ఆయన మన గురించి ఏమనుకుంటాడో చూసుకోవాలి. ఆభేరిలో 'నగుమోము' అన్నారనుకోండి, "ఓహో, అంతేనా" అన్నట్టు ఒక చిరునవ్వు వస్తుంది. అదే చెవికి అంత సులువుగా ఎక్కని ఏ వివాది మేళమో అంటే కుర్చీ మీకేసి రెండంగుళాలు జరుగుతుంది. అంతకన్నా గౌరవం కావాలంటే, "అది ఇప్పుడు దొరకదులెండి, పాత రేడియో కచేరీ, తెలిసినాయన దగ్గర టేపుండేది" అనాలి. దొరకని పాటను మించిన సిఫారసు లేదు. వాడు వినేస్తాడన్న భయం కూడా ఉండదు.

ఇంత తెలిసినవాణ్ణి, మేనల్లుడన్న మమకారం కొద్దీ తప్పు చేశాను. లజ్ దగ్గర బస్సెక్కిస్తూ, ఎవరూ చూడటంలేదని రూఢి చేసుకుని, "ముందు 'రఘువంశ సుధాంబుధి' వినరా" అన్నాను. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ గారిది, కదనకుతూహల రాగం. ఆ రాత్రి పదకొండున్నర దాటాక వాడి దగ్గర్నించి మెసేజ్. "సూపర్ మామయ్యా! ఆరుసార్లు విన్నా."

నాకు టెన్షన్ పట్టుకుంది. మొదటిసారికే నచ్చిందంటే లోపం పాటలోనైనా ఉండాలి, మా వంశంలోనైనా ఉండాలి. మర్నాడు లిఫ్టులో నెల్లూరాయనకి నిజం చెప్పేశాను. రెండంతస్తులూ ఆయన మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం "పోనీలెండి, చిన్న వయసు" అన్నారు. డాబా మీద సిగరెట్టుతో దొరికిన కుర్రాడి గురించి అన్నట్టే ఉంది ఆ గొంతు.

నిజానికి ఈ తప్పులో నాకు పెద్ద తోడే ఉంది. ముత్తుస్వామి దీక్షితార్ కొంతకాలం మణలిలో ఉన్నారు. ఇవాళ రిఫైనరీ ఉన్న మణలే. సెయింట్ జార్జి కోటలో ఇంగ్లీషు బ్యాండువాళ్ళు వాయించే మెట్లు విన్నారని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టారని చెబుతారు. నొట్టుస్వరాలంటే అవే. ఇంగ్లండు రాజుగారి గీతం మెట్టులో 'సంతతం పాహి మాం సంగీత శ్యామలే' అని అమ్మవారిని కూర్చోబెట్టేశారు. స్వరాలని ఊపే గమకాల బరువుండదు, చిన్నపిల్లలు ఆడుతూ పాడుతూ నేర్చేసుకుంటారు. నవావరణ కీర్తనల్లాంటి బరువైనవి రాసిన చేత్తోనే ఇవీ రాశారాయన. మా జనరేటర్ కమిటీ ముందుకి వచ్చుంటే ఆయన్ని కూడా "పోనీలెండి" అని వదిలేసేవాళ్ళం.

మావాడికి ఇంకో ఇబ్బంది, తెలుగువాడు కావడం. త్యాగరాజు మనవాడే కదా అన్న ధీమాతో మనం ఆయన కీర్తనలు వినకుండానే బతికేస్తాం. సన్మాన సభలో 'ఎందరో మహానుభావులు' అంటాం, 'అందరికీ వందనములు' అంటాం, మైకు దింపేస్తాం. శ్రీరాగంలో ఆ తర్వాత చరణాలు బారెడున్నాయని నాకు చెన్నై వచ్చాకే తెలిసింది.

పోయిన నెల త్యాగరాజు 'నిధి చాల సుఖమా, రాముని సన్నిధి సేవ సుఖమా' పెట్టాను. మొదటి లైను వినగానే "రెండిట్లో ఒకటే ఎంచుకోవాలా మామయ్యా?" అన్నాడు. ఫ్లాటు ఈఎంఐ కట్టేవాడికి న్యాయంగా రావాల్సిన సందేహమే. చరణం దాకా వెళితే సమాధానం దొరుకుతుందని వెళ్ళాం. అక్కడ 'కర్దమ దుర్విషయ కూప స్నానము' దగ్గర ఇరుక్కున్నాం. కర్దమ అంటే ఏంటన్నాడు. నేను కాసేపు ఫ్యాను వైపు చూశాను. ఎదురింటి మామి లోపలికొచ్చి, అట్ట ఊడిన తమిళ పుస్తకం తెరిచారు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని ఏది ఎలా పలకాలో తెలిసేలా పక్కన చిన్న చిన్న అంకెలు వేసుకుంటారు. 'గంగా' అనాలంటే రెండు చోట్లా 3 వెయ్యాలి. ఆ 2లూ 3లూ 4లూ వేలితో దాటుకుంటూ మామి చరణమంతా చదివి, "కర్దమం అంటే బురద" అని మాకు తమిళంలో చెప్పారు. మాకు అంకెల అవసరం లేదు. అందుకే మేం అసలు బయల్దేరలేదు.

డిసెంబరులో వాణ్ణి కచేరీకి తీసుకెళ్ళాం. మధ్యాహ్నం కచేరీలు చాలా సభల్లో ఉచితం కాబట్టి కమిటీ మొత్తం వచ్చింది. క్యాంటీనుకి దగ్గరగా చివరి వరసలో కూర్చున్నాం. రాగం ఎత్తుకున్న రెండు నిమిషాల్లో పేరు చెప్పకపోతే ఏ ముందు వరసావిడో చెప్పేస్తుంది కాబట్టి నెల్లూరాయన చిన్న పుస్తకం జేబులో సిద్ధంగా పెట్టుకున్నారు. ఆయనా ఇంజినీరుగారూ ఒకే కీర్తనకి రెండు తాళాలు వేశారు. రెండూ గాయనిగారి తాళంతో కలవలేదు. "శభాష్" అనే చోట మాత్రం అందరూ కలుసుకున్నారు.

తోడి రాగం ఆలాపన ఇరవై నిమిషాలు సాగింది. "పాటెప్పుడు మామయ్యా?" "ఇదే పాట." "మాటలు?" "వస్తాయి, ఓపిక పట్టు." వచ్చాయి. కీర్తన, నెరవు, స్వరాలు అన్నీ అయ్యాక మృదంగం ఆయన ఒకసారి అరచేతులు తుడుచుకున్నారు. తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం, ఘటం మాత్రమే వాయించే ఘట్టం. చెన్నైలో తని అంటే క్యాంటీను అని అర్థం. విజ్ఞులందరం లేచాం. మావాడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి, ముందు వరసలు ఖాళీ అవుతున్నాయని సంతోషంగా అక్కడికెళ్ళి కూర్చున్నాడు.

కీరవడ వేడిగా ఉంది. అశోకా హల్వా అరిటాకు ముక్కలో తెచ్చుకున్నాం. కుర్రాడికి రాగం తానం పల్లవి ఈ ఏడాది చెప్పాలా వచ్చే ఏడాది చెప్పాలా అని చర్చ నడుస్తోంది. రెండో కాఫీ సగంలో ఉండగా వాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఎక్కడికెళ్ళిపోయారు మీరంతా? మృదంగం ఆయన వాయించిందే ఘటం ఆయన తిప్పి వాయించాడు మామయ్యా. తర్వాత అందులో సగం, మళ్ళీ సగంలో సగం. తగ్గుతూ తగ్గుతూ వచ్చి చివరికి ఇద్దరూ ఒకేసారి కలిసిపోయి... అబ్బ!"

"దాన్ని కొరైప్పు అంటారు" అన్నారు నెల్లూరాయన.

"మీరెప్పుడు చూశారు అంకుల్?"

నెల్లూరాయన జేబులోంచి చిన్న పుస్తకం తీశారు, రెండు పేజీలు తిప్పారు, మళ్ళీ లోపల పెట్టేశారు.

"ముందు వడ తిను నాయనా, చల్లారిపోతోంది."