మంగళవారం కొత్తిమీర

డిసెంబరు ఆఖర్లో మా ఇంట్లో ఒక గొడవ ఖాయం. పాత క్యాలెండరు దించే గొడవ.

దేవస్థానం వాళ్ళ పన్నెండు పేజీల క్యాలెండరు మా నాన్నకి పటంతో సమానం. ఏడాది అయిపోగానే బొమ్మలు జాగ్రత్తగా కత్తిరించి, ఫ్రేములు కట్టించి, ఎవరి గృహప్రవేశానికైనా పట్టుకుపోవాలని ఆయన ఆశ. మా అమ్మకి అది పలక. పాలు, గ్యాసు, చాకలిపద్దు, చీటీ పాట, చుట్టాలు అన్నీ దాని మీదే. పెన్ను కూడా దారం కట్టి పక్కనే వేలాడదీసి ఉంటుంది, బ్యాంకులో మాదిరి.

2025 ఆఖర్లో నేను చెన్నై నుంచి వచ్చి, తిరుపతి బైరాగిపట్టెడలోని ఆ మిద్దింటి హాల్లో చిక్కుడుకాయలు ఒలుస్తా కూర్చున్నాను. నాన్న స్టూలెక్కి క్యాలెండరు దించినాడు. అమ్మ వంటింట్లో ఉంది. ఇద్దరి మధ్యలో నేను దూరలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తా ఉండేదాన్ని, ఆ మాత్రం తెలివి లేకుండా ఉంటుందా!

నాన్న: ఏమే, ఇట్రా. ఏందిది? సాక్షాత్తు స్వామి పాదాల కింద ‘గ్యాసు అయిపోయింది’ అని రాసినావు.

అమ్మ: అయిపోయింది, రాసినా. అయిపోకుండానే రాసుంటే స్వామి ముందర అబద్ధమయ్యేది.

నాన్న: గడిలో రాసుకోకూడదా?

అమ్మ: గడి యాడుండాది? జనవరిలో ఒక్క గడి ఖాళీగా ఉంటే చూపించండి.

(నాన్న కళ్ళద్దాలు తెచ్చుకున్నాడు. పోస్టుమార్టం మొదలు.)

నాన్న: జనవరి. పదమూడు, భోగి. ‘కుర్చీ’. ఏం కుర్చీ?

అమ్మ: మీ పేము కుర్చీ. మంటలో వేసినా.

నాన్న: నువ్వా వేసింది! పిలకాయలు ఎత్తుకుపోయినారని నేను వీధి వీధంతా తిట్టినా గదే!

అమ్మ: తిట్టినారు. పాపం, పలక డప్పులు కొట్టుకుంటా మంట చుట్టూ నిలబడుండే పిలకాయలు, ఎందుకు తిడతా ఉండారో తెలీక ఇంకా గట్టిగా కొట్టినారు.

నాన్న: అది మా నాయన కూర్చున్న కుర్చీ.

అమ్మ: దాని నాలుగు కాళ్ళల్లో రెండు మామయ్యతోనే పోయినాయి. మిగిలిన రెంటి మీద మీరు కూర్చోనుంటే మీ కాళ్ళు కూడా పోయుండేవి.

నాన్న: సరే. పద్నాలుగు: ‘మ.పి.3’. పదహైదు: ‘చి.మ.5’. ఇదేం భాష?

అమ్మ: మదనపల్లి పిన్నమ్మ, ముగ్గురు. చిత్తూరు మరిది, అయిదు మంది. పండక్కని వస్తారు, ‘ఎట్లా తిరుపతి దాకా వచ్చినాం కదా’ అని కొండకు పోతారు. కొండకని వస్తారు, ‘ఎట్లా కొండకు వచ్చినాం కదా’ అని పండక్కి ఉంటారు.

నాన్న: ఇది ఇంటి క్యాలెండరా, సత్రం రిజిస్టరా?

అమ్మ: సత్రమైతే రెండో రోజు గది ఖాళీ చెయ్యమంటారు.

నాన్న: కనుమ నాడు ‘మినుములు రెండు కిలోలు’. రెండు కిలోలా?

అమ్మ: వడలు ఎన్ని తిన్నదీ కూడా రాద్దామనుకున్నా. మీ ఒక్కరి లెక్కకే గడి చాల్లేదు.

(ఫిబ్రవరి తొందరగా గడిచింది. రథసప్తమికి వచ్చినోళ్ళు, శివరాత్రికి వచ్చినోళ్ళు, ఎందుకొచ్చినారో తెలీకుండా వచ్చినోళ్ళు. మార్చి దగ్గర నాన్న వేలు ఆగింది.)

నాన్న: రెండో తేదీ, ఆదివారం. ‘కొత్తిమీర’. నాలుగో తేదీ, మంగళవారం. చిన్న నామం. ఏందిది?

అమ్మ: ఆదివారం రైతుబజారులో కొత్తిమీర తెచ్చినా.

నాన్న: కొత్తిమీర కట్ట తెచ్చింది కూడా రాయాల్నా? బంగారమా అది?

అమ్మ: రిటైరైనాక మీరు టీ తాగింది డైరీలో రాసుకుంటా ఉండారు. నేనేమన్నా అన్నానా?

నాన్న: నామం సంగతేంది?

అమ్మ: తిరుపతిలో కాపురముండి నామం గీస్తే కూడా సంజాయిషీ చెప్పుకోవాల్నా? పేజీ తిప్పండి, పొయ్యి మీద పులుసుండాది.

(పులుసు ఉన్న మాట నిజం. అమ్మ లోపలికి పోయిన వేగం మాత్రం పులుసుకి సంబంధించింది కాదని నాకనిపించింది. చిక్కుడుకాయలు మెల్లగా ఒలవడం మొదలుపెట్టినాను.)

నాన్న: మే నెల. ‘చాటింపు’. ఎర్ర ఇంకు. దీనివల్లే కదే నేను బెంగుళూరుకి పిల్లోడి దగ్గరికి పోవాలంటే ఆపేసినావు!

అమ్మ: గంగమ్మ జాతరకి చాటింపు పడినాక ఊళ్ళో ఉండేవాళ్ళు పొలిమేర దాటకూడదు. మా అత్త చెప్పింది. అంటే మీ అమ్మే.

నాన్న: మీ తమ్ముడికి కూడా అదే చెప్పి వారం రోజులు కూర్చోబెట్టినావు.

అమ్మ: చాటింపు రాత్రి మనింట్లోనే పడుకున్నాడు. పొమ్మని నేనెట్లా చెప్పేది? అమ్మోరు ఒప్పుకోవాల్నా వద్దా?

నాన్న: అమ్మోరు ఒప్పుకునేది. మీ తమ్ముడే నాటుకోడి అయిపోయేదాకా ఒప్పుకోలా. ఇదేంది, ‘పట్టుచీర - మనవడు’?

అమ్మ: మాతంగి వేషం కట్టించినాం కదా. పెళ్ళి పట్టుచీరే కావాలన్నాడు. మూడు మూరల పిల్లోడికి ఆరు గజాల చీర. చుట్టి చుట్టి, వాడు లోపల యాడున్నాడో తెలీకుండా పోయినాడు. పసుపు మరక ఇంకా పోలా.

నాన్న: ఆ జాతరలోనే కదా, బండ వేషం వాడొకడు ఒళ్ళంతా కుంకుమ పూసుకోని వచ్చి నన్ను అంగడి ముందర నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టింది. చుట్టూ జనం. నేను హెడ్డు గుమాస్తాగా చేసినోణ్ణి.

అమ్మ: అది మొక్కు. జాతరలో తిట్టించుకుంటే ఏడాదంతా మంచి జరుగుతుందంటారు.

నాన్న: ఏం మంచి?

అమ్మ: నాకేం తెలుసు! ముప్పై ఎనిమిదేళ్ళుగా నేను మీకు చేస్తా ఉండే మంచే అది. వాడు ఒక్కరోజు చేసినాడు.

(నవ్వు ఆపుకునేదానికి నేను చిక్కుడు తొక్కలు పారేసే వంకతో లేచినాను. తిరిగొచ్చేసరికి కత్తిరి ఎండల్లో ఉన్నారు.)

నాన్న: ‘వడియాలు - తడిసె’. ఎండాకాలంలో తడవడమేంది?

అమ్మ: మబ్బు పట్టింది, మిద్దె మీదికి పొయ్యి తీసుకరండి అన్నా. మోకాళ్ళు అన్నారు. మిద్దెకుండేది పదహారు మెట్లు. సాయంత్రం అదే మోకాళ్ళతో పక్కింటాయన దగ్గర కూర్చోని, అలిపిరి దోవలో 3,550 మెట్లూ ఎక్కి పోతానని కోతలు కోసినారు.

నాన్న: ఎక్కుతా. లెటరు రానీ.

అమ్మ: నడిచి పొయ్యేదానికి లెటరెందుకు సామీ?

నాన్న: నడిచేది నడిచేదే. దర్శనం దర్శనమే. ఆ లీడరు నాకు మాటిచ్చినాడు, వీఐపీ బ్రేక్ దర్శనానికి సిఫారసు లెటరిస్తానని.

అమ్మ: నాలుగేళ్ళయింది మాటిచ్చి. ఈలోపల ఆయనకు పదవి పొయ్యింది, మళ్ళా వచ్చింది, మళ్ళా పొయ్యింది.

(ఈ లెటరు గురించి ఒక మాట చెప్పాలి. మా ఇంట్లోంచి స్వామి వారి కొండ కనిపిస్తుంది. మిద్దె మీద బట్టలారేసే తీగ పట్టుకుని తలెత్తితే చాలు. రాత్రిపూట ఘాట్ రోడ్డు దీపాలు దండ మాదిరి ఉంటాయి. ఆ దండను రోజూ చూస్తా, మా నాన్న నాలుగేళ్ళుగా ఒక ఉత్తరం కోసం ఎదురుచూస్తా ఉన్నాడు. లైనులో నిలబడడం ఆయనకు నామోషీ.)

నాన్న: జూన్ ఇరవై తొమ్మిది, ఆదివారం. మళ్ళా ‘కొత్తిమీర’. పేజీ తిప్పితే జూలై ఒకటి, మంగళవారం. మళ్ళా నామం! ఏందే ఈ కొత్తిమీర, నామం?

అమ్మ: జూన్లో మా దామలచెరువు నుంచి బేనీషాలు రెండు బుట్టలొచ్చినాయి. అది రాసినా చూడండి, దాని గురించి అడగరే!

నాన్న: మామిడికాయల గురించి అడిగేదేముంది? వచ్చినాయి, తిన్నాం.

అమ్మ: తిన్నారు. కోసింది, మీ చెల్లెలింటికి పంపించింది, ఊరగాయ పెట్టి జాడీలకు గుడ్డ కట్టింది ఎవరు?

నాన్న: మాట మార్చొద్దు.

అమ్మ: పేజీ మార్చండి.

(సెప్టెంబరు వచ్చేసరికి క్యాలెండరు మీద కాగితం కనిపించడం లేదు, సిరా ఒక్కటే కనిపిస్తోంది. పెరటాసి శనివారాలు, అంటే ఆ తమిళ నెలలో స్వామికి తళిగ అనే నైవేద్యం వేసే శనివారాలు. మా పక్కన ఆ నెలంటే కోడిగుడ్డు కూడా గడప దాటదు.)

నాన్న: ‘తళిగ’, ‘తళిగ’, ‘తళిగ’. అంతా బాగుండాది. ఇదేంది, మూడో శనివారం పక్కన ‘ఆమ్లెట్టు’?

అమ్మ: ఆ రోజు సాయంత్రం మీరు బస్టాండు పక్కకి పొయ్యి తినొచ్చినారు. చొక్కాకు వాసనొచ్చింది. రాసిపెట్టుకున్నా.

నాన్న: దేవుడి క్యాలెండర్లోనా రాసేది!

అమ్మ: మరి ఆయనకు తెలియాల్నా వద్దా?

నాన్న: తళిగ వేసేటప్పుడు నేనెంత భక్తిగా చేస్తానో నీకు తెలీదు.

అమ్మ: తెలుసు. తెల్లారుజామున తలకు పోసుకోని, అరిటాకులో అన్నం పోసి, గరిటె వెనకతో నామం దిద్ది, పప్పు, చక్కెర పొంగలి, వడలు సర్ది, బియ్యప్పిండీ బెల్లమూ పిసికి రెండు పిండి దీపాలు చేసి, నెయ్యి పోసి వెలిగించేది నేను. అయినాక మీరు ఉయ్యాల దిగొచ్చి ‘గోవిందా’ అంటారు.

నాన్న: గట్టిగా అంటా. వీధి చివరకి వినపడుతుంది.

అమ్మ: అవును. వినపడే, చెంబుకి నామం పెట్టుకోని గోవింద కొట్టేదానికి వచ్చే పిలకాయలంతా మొదట మనింటికే వస్తారు. బియ్యం డబ్బా సగమైపోయింది.

నాన్న: తళిగ మర్నాడే గరుడసేవ. ‘14’ అని రాసినావు. పద్నాలుగు ఏంది?

అమ్మ: మనుషులు. పక్కన ‘6’ అని ఉందే, అది మోటారుసైకిళ్ళు. గరుడసేవకి ఘాట్ రోడ్డు మీద బండ్లు పోనియ్యరు కదా. ఆరూ తెచ్చి మన వాకిట్లో పెట్టి బస్సెక్కినారు. తెల్లారి ముగ్గేసేదానికి చోటు లేక, రెండు బండ్ల మధ్యలో సందు చూసుకోని నాలుగు చుక్కలు పెట్టొచ్చినా.

నాన్న: మనవాళ్ళు కదే. స్వామి దగ్గరికి పొయ్యేవాళ్ళకి కాస్త అన్నం పెడితే పుణ్యం.

అమ్మ: పుణ్యమే. మళ్ళా నాలుగు రోజుల్లో వైకుంఠ ఏకాదశి. ముందు రెండు రోజులుండేది ఉత్తర ద్వారం. 2020 నుంచి పది రోజులు తెరుస్తా ఉండారు. ఆయన తలుపు పది రోజులు తెరిస్తే నా తలుపు పన్నెండు రోజులు మూసేదానికి లేదు.

నాన్న: నవంబరు. వానలు. ‘బట్టలారలా’, ‘బట్టలారలా’, ‘కపిలతీర్థం - నీళ్ళు బాగా పడతా ఉండాయి’... రెండో తేదీ, ఆదివారం. కొత్తిమీర! నాలుగు, మంగళవారం. నామం!

(ఈసారి నాన్న క్యాలెండరు చంకన పెట్టుకుని వంటింటి గడప దాటినాడు. ఆ గడప ఆయన మామూలుగా దాటడు.)

నాన్న: చెప్పు. నవంబరు రెండున తెల్లారకముందే, వానలో, గొడుగేసుకోని రైతుబజారుకని పోయినావు. తొమ్మిదింటికి వచ్చినావు. చేతిలో ఒకే ఒక కొత్తిమీర కట్ట. నేను చూసినా. అయిదు గంటలు, ఒక కట్ట!

అమ్మ: బేరం కుదరలా.

నాన్న: మంగళవారం చిత్రాన్నం చేసిపెట్టి, జాకెట్లు కుట్టనిచ్చొస్తానని పోయినావు. రాత్రికొచ్చినావు. ఆ జాకెట్లు నేను ఇంతవరకూ చూడలా.

అమ్మ: జాకెట్ల మీద మీకింత శ్రద్ధ ఎప్పటి నుంచి?

నాన్న: సరోజా!

(పేరు పెట్టి పిలిచినాడంటే సంగతి ముదిరినట్టు. అమ్మ స్టవ్వు ఆపింది. చెంగుతో చేతులు తుడుచుకుంది.)

అమ్మ: దర్శనానికి పోయినా.

నాన్న: ఆఁ?

అమ్మ: నెలనెలా మొదటి మంగళవారం లోకలోళ్ళకు దర్శనమిస్తా ఉండారు కదా, నిరుడు డిసెంబరు నుంచి. ఆదివారం పొద్దున మహతి ఆడిటోరియం దగ్గర టోకెన్లు. ఆధారు కార్డులో తిరుపతి అడ్రసుంటే చాలు. నేనూ ఎదురింటి మునెమ్మక్కా పోయినాం. మూడుసార్లు.

నాన్న: లెటరు?

అమ్మ: ఎవురూ అడగలా.

నాన్న: మరి... మరి లడ్డు? దర్శనం చేసుకుంటే లడ్డు ఇస్తారు కదా!

అమ్మ: ఇచ్చినారు. తెచ్చినా. మీరే తిన్నారు. మూడుసార్లూ.

నాన్న: అవి మదనపల్లి పిన్నమ్మ తెచ్చినవి కదా!

అమ్మ: ఎవరు తెచ్చినారని మీరు అడగలా. ‘ఇంకోటి ఉందా’ అని అడిగినారు.

(నాన్న గడప మీదే కూర్చున్నాడు. గడప మీద కూర్చుంటే అమ్మ ఊరుకోదు. ఈసారి ఊరుకుంది.)

నాన్న: ఒక్క మాట నాకు చెప్పకూడదా? నన్నెందుకు పిలవలా?

అమ్మ: పిలిచినా. మార్చిలో, నాలుక్కే లేపి, ‘ఏమండీ, వస్తారా?’ అన్నా. ‘కొత్తిమీరకి ఇద్దరెందుకే’ అని అటు తిరిగి పడుకున్నారు.

(కాసేపు కుక్కరు కూడా కుయ్యిమనలేదు.)

నాన్న: మళ్ళా ఎప్పుడు?

అమ్మ: ఒకసారి చేసుకుంటే తొంభై రోజులు ఆగాల. నాకు ఫిబ్రవరి మూడుకి సరిపోతుంది. మీకు ఆ లెక్కే లేదు. మీరు ఇంకా మొదలే పెట్టలేదు కదా.

(నాన్న లేచి హాల్లోకి వచ్చినాడు. కొత్త క్యాలెండరు చుట్ట విప్పి మేకుకి తగిలించినాడు. ఫిబ్రవరి పేజీ తీసి, దారానికి వేలాడే పెన్ను అందుకుని, చేతికి అలవాటు లేని పని కాబట్టి నాలుక బయటపెట్టి మరీ, మెల్లగా ‘కొత్తిమీర’ అని రాసినాడు.)

అమ్మ (వెనక నుంచి): గడిలో రాయండి సామీ, పాదాల మీద రాస్తా ఉండారు!