కొనేవాళ్ళలో మర్యాద తగ్గిపోతోంది

హైదరాబాదులో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్ల బేరాల్లోకి ఈమధ్య ఒక దురాచారం ప్రవేశించింది. కొనేవాళ్ళు బండి చూసి కొంటున్నారు. పూర్వం రంగు చూసేవారు, ఒకసారి యాక్సిలరేటర్ తొక్కించి చప్పుడు వినేవారు, నంబరు కూడితే ఎంతొస్తుందో లెక్కేసేవారు, టోకెన్ అడ్వాన్సు చేతిలో పెట్టి మంచిరోజు చూసుకోవడానికి వెళ్ళేవారు. అమ్మేవాడి మనసు నొచ్చుకునే సందర్భమే వచ్చేది కాదు.

పాత పోర్షె కేమన్ ఎస్ సంగతే చూడండి. 'అన్నా, 2009 బండి, డాక్టర్ గారిది, మక్ఖన్ లా ఉంది' అని పెద్దమనిషి నోరారా చెబుతుంటే, ఈ కొత్తరకం మనిషి వినడు. వంగి ఛాసిస్ నంబరులో పదో అక్షరం చదువుతాడు. అక్కడ 9 ఉంటే సరే. 8 ఉంటే 2008 మోడల్, రిజిస్ట్రేషన్ మాత్రమే 2009. ఒక్క అంకెకు ఇంత రాద్ధాంతమా అంటే, ఆ ఒక్క అంకె దగ్గరే ఇంజిన్ మారిందట. 2008 మోడల్ వరకు వచ్చిన ఇంజిన్లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసు ఉంటుంది, దాని చివర ఒక బేరింగు. అది అరిగి విరిగితే వాల్వులు తెరుచుకునే టైమింగ్ తప్పి, అవి వెళ్ళి పిస్టన్లకు కొట్టుకుంటాయి. 2006 నుంచి 2008 దాకా వేసిన పెద్ద బేరింగు తొందరగా పోదు గానీ, మార్చాలంటే ఇంజిన్ రెండు ముక్కలుగా విప్పాల్సిందే. 2009 మోడల్లో ఆ షాఫ్టే లేదు. అందుకని 8 కనిపిస్తే ఆయన ఆయిల్ ఫిల్టర్ తీయించి, లోపలి కాగితం మడతలు విప్పి, బేరింగు అరిగిన ఇనుప రజను మెరుస్తోందేమోనని ఎండలో పెట్టి చూస్తాడు. ఎదుటివాళ్ళ చెత్తబుట్ట వెతికే సంస్కారం!

దీనికి ముందురోజే ఫోన్లో ఒక షరతు పెట్టి ఉంటాడు: 'నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి.' అతిథి వస్తున్నాడు కదా అని ఎవరైనా అరగంట ముందే ఇంజిన్ వేడి చేసిపెడితే, వచ్చీరాగానే సైలెన్సర్ గొట్టం దగ్గర చెయ్యి పెట్టి, మళ్ళీ రేపొస్తానంటాడు. చల్లటి ఇంజిన్ స్టార్టు కాగానే కాస్త నీలం పొగ వదిలితే పట్టించుకోడు. సిలిండర్లు పక్కకు పడుకుని ఉండే ఇంజిన్లకు అది మామూలే. తెల్లటి పొగ మబ్బులా కమ్మి ఆగకపోతే మాత్రం ఇంజిన్ ఆవిరిలోంచి ఆయిల్‌ను వేరుచేసే సెపరేటర్ లోపలి పొర చిరిగిందని తేల్చేస్తాడు. అది చిన్న ఖర్చు. పెద్ద ఖర్చు ఇంజిన్ వేడెక్కాక వినిపించే టిక్కు టిక్కు. ఆ శబ్దం వినగానే ప్లగ్గులు విప్పించి, ఆరు సిలిండర్లలోకీ సన్నటి కెమెరా దింపిస్తాడు. గోడల మీద నిలువు గీతలు కనిపిస్తే బేరం అక్కడే చస్తుంది. 3.4 లీటర్ల ఇంజిన్లో ఈ జబ్బు ఎక్కువ. గీతలు పడ్డ సిలిండరుకు కొత్త లైనర్ వేయడం బండి ధరతో పోటీపడే పని.

ఆ తర్వాత కంప్యూటర్ తగిలిస్తాడు. మీటరు వెనక్కి తిప్పిన వాళ్ళు చాలాసార్లు ఇంజిన్ కంప్యూటర్ జోలికి వెళ్ళరు. బండి ఎన్ని గంటలు నడిచిందో అందులో అలాగే ఉంటుంది. మీటరు మీద 18,000 కిలోమీటర్లు, కంప్యూటర్లో 2,000 గంటలు ఉంటే సగటు వేగం గంటకు 9 కిలోమీటర్లు. ట్రాఫిక్ ఎంత ఘోరమైనా అది ఎడ్లబండి లెక్క. అదే కంప్యూటర్లో ఇంజిన్ పరిమితి దాటి తిరిగిన సందర్భాలు ఆరు అంచెలుగా నమోదై ఉంటాయి. పై మూడు అంచెల్లో అంకెలుంటే, ఎవరో నాలుగో గేరు అనుకుని రెండో గేరు వేశారన్నమాట. అది జరిగి ఎన్ని గంటలైందో కూడా చెప్పే కంప్యూటర్‌ను కనిపెట్టిన జర్మన్లకు మన మొహమాటాల గురించి ఏం తెలుసు?

వెనక టైర్లు బయటికి కొత్తగానే కనిపిస్తాయి. చక్రాలు కాస్త లోపలికి వాలి ఉంటాయి కాబట్టి లోపలి అంచు దారం తేలేదాకా అరుగుతుంది. అది చూడటానికి నేల మీద పడుకునే మనిషిని ఎవరు గౌరవిస్తారు? పడుకున్నవాడు ఊరుకోకుండా టైరు మీద నాలుగంకెలు చదివి, 2316 అంటే 2016లో 23వ వారం అని పాఠం చెబుతాడు. అలాగే ముందు బంపరు కింద గీతలు చూస్తాడు. స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసిపెట్టింది. మన కాలనీ సంఘాలు ఎత్తు మీద ఉదారంగా, వెడల్పు మీద పొదుపుగా ఉన్నాయి. దానికి కారు యజమాని ఏం చేస్తాడు? బంపరు రెండు చివర్లా ఉండే రేడియేటర్ల ముందు ఎండుటాకులు పేరుకుని, తడికి కుళ్ళి, రెక్కలు తినేస్తే మాత్రం ఆయనదే తప్పని ఒప్పుకోవాలి.

పెయింటు మందం కొలిచే మీటరు గురించి ఎక్కువ చెప్పను. కంపెనీ పెయింటు 100, 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. వెయ్యి దాటితే కింద పుట్టీ పెట్టారన్నమాట.

వరదలో మునిగిన బండ్ల విషయంలో వీళ్ళ అనుమానానికి హద్దే లేదు. 2015 డిసెంబరు చెన్నై, 2020 అక్టోబరు హైదరాబాదు, 2024 సెప్టెంబరు విజయవాడ అంటూ తేదీలు వల్లిస్తారు. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార కోసం వెతుకుతారు, కార్పెట్ ఎత్తి వాసన చూస్తారు.

కాగితాల దగ్గరైనా సిగ్గుపడతారనుకుంటే అదీ లేదు. ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందనే ఫారం 35, వేరే రాష్ట్రం బండైతే అభ్యంతరం లేదనే ఎన్‌వోసీకి ఫారం 28, పేరు మార్పుకు 29, 30. పుదుచ్చేరి నంబరు కనిపిస్తే 'ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ ఎవరు కడతారు?' అని ముఖం మీదే అడుగుతారు. పేరు మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్సు కూడా మార్పించుకుంటారు. క్లెయిమ్ చేయనందుకు పాత యజమానికి ప్రీమియంలో వచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, ఆయనతోనే పోతుందని ముందే లెక్కలో వేసుకుంటారు.

చివరికి ఈ ఖర్చులన్నీ ఒక కాగితం మీద వేసి, చెప్పిన ధరలోంచి తీసేసి, మిగిలిన అంకె చూపిస్తారు. అమ్మేవాడు మాత్రం ఏమంటాడు పాపం, 'బెంగళూరు పార్టీ చూడకుండానే అడ్వాన్సు పంపిస్తానన్నాడు సార్' అంటాడు. ఆ పార్టీ ఫోన్ నంబరు అడగడం కూడా అమర్యాదే.