లోడ్ అవుతోంది, ఆగవే

(స్థలం బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్ హాలు. పాత్రలు మా మామయ్య, మా అత్తయ్య, అంటే గుంటూరు ఎండలు తప్పించుకుందామని మా ఇంటికొచ్చిన నా భార్య తల్లిదండ్రులు. డైనింగ్ టేబుల్ మీద నా పాత లాప్‌టాప్, దాని పక్కన మామయ్య పంచెల మధ్య చుట్టి జాగ్రత్తగా తెచ్చుకున్న టేప్‌రికార్డర్, రెంటినీ కలుపుతూ ఎస్పీ రోడ్డులో కొన్న వైరు. నేను పక్క గదిలో ఆఫీసు కాల్‌లో ఉన్నా, మ్యూట్‌లో.)

అత్తయ్య: ఏవండీ, ఆ టేబుల్ కాస్త ఖాళీ చేస్తారా, చిక్కుడుకాయలు ఒలుచుకోవాలి.

మామయ్య: ఉండవే, మంచి టైములో వచ్చావ్. మన పాత కంప్యూటరు, అదే స్పెక్ట్రమ్, ఆన్ అయింది చూడు.

అత్తయ్య: ఏ స్పెక్ట్రమ్? అది ఎప్పుడో పాత సామాన్లవాడికి వేసేశాం కదా.

మామయ్య: వేసేశాం కాదు, వేసేశావ్. రెండు కేజీల ఉల్లిపాయలకి.

అత్తయ్య: సగం మీటలు పనిచెయ్యని డబ్బాకి ఉల్లిపాయలు రావడమే గొప్ప. పోనీ దాన్ని మళ్ళీ కొన్నారా ఏంటి? ఎంత తగలేశారు?

మామయ్య: పైసా ఖర్చు లేదు. ఇది ఎమ్యులేటర్. పేరు ఫ్యూజ్. అంటే ఈ లాప్‌టాప్ తను లాప్‌టాప్‌నన్న సంగతి మర్చిపోయి, 1982 ఏప్రిల్‌లో ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ రిలీజ్ చేసిన జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌లాగా నడుచుకుంటుందన్నమాట. అప్పట్లో మనం కొన్నది పూణేలో డెసిబెల్స్ వాళ్ళు అమ్మిన స్పెక్ట్రమ్ ప్లస్ కదా, లోపల సరుకు అదే. మెమరీ 48 కేబీ!

అత్తయ్య: అబ్బో. మా చెల్లెలు పొద్దున్నే పంపే గుడ్ మార్నింగ్ పువ్వుల ఫోటో కూడా అంతకన్నా పెద్దదే ఉంటుంది.

మామయ్య: అందుకే చెప్తున్నా, ఆ 48 కేబీలోనే ప్రపంచం ఉండేది. లోపల జడ్80 అనే చిప్పు, సెకనుకి 35 లక్షల టిక్కులు. ఈ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే, ఆ చిప్పుకిచ్చే ఒక్కో ఆర్డరూ చదువుతుంది, అసలు చిప్పు ఏం చేసేదో అదే చేస్తుంది, ఎన్ని టిక్కులు పట్టేదో లెక్కపెట్టుకుంటుంది, స్క్రీన్ ఒక్కసారి గీసేలోపు సరిగ్గా 69,888 టిక్కులు, సెకనుకి 50 సార్లు. ఇప్పటి లాప్‌టాప్‌కి అది చిటికెలో పని కాబట్టి మిగతా టైమంతా ఊరికే ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

అత్తయ్య: అంటే బంగారంలాంటి లాప్‌టాప్‌ని ఖాళీగా కూర్చోబెడుతున్నారు. రిటైరైన మగాళ్ళకి జత కుదిరింది.

మామయ్య: నీకు తెలీదులే. ఒక్క బిట్టు తేడా రాదు. అప్పటి లోపాలతో సహా దించేశారు. ఈ బొమ్మ చూడు, ఎర్రరంగు పక్క గడిలోకి పాకింది కదా, ఎందుకంటే ఎనిమిది చుక్కలు బై ఎనిమిది చుక్కల గడిలో రెండే రంగులు పట్టేవి, మూడోది వస్తే ఉన్నదాన్ని చెడగొట్టేది. అది కూడా అలాగే ఉంచారు!

అత్తయ్య: లోపాలు కూడా అలాగే దించడం మీ వంశానికి కొత్తేం కాదుగా. సరే గానీ ఇది దొంగ సాఫ్ట్‌వేర్ కాదు కదా? అల్లుడి లాప్‌టాప్, ఉద్యోగం మీదకి రాకూడదు.

(మ్యూట్‌లోనే ఉలిక్కిపడ్డా.)

మామయ్య: కాదే. ఎమ్యులేటర్ ఏమో ఇష్టం కొద్దీ జనం ఊరికే రాసి ఉచితంగా ఇచ్చింది. మిషన్ లోపల ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము, రోమ్ అంటారు, 16 కేబీ ఉంటుంది, దానికి మాత్రం హక్కుదారులున్నారు. సింక్లెయిర్ తన కంప్యూటర్ల వ్యాపారాన్ని 1986లో ఆమ్‌స్ట్రాడ్ అనే కంపెనీకి 50 లక్షల పౌండ్లకి అమ్మేశాడు, ఆ ఆమ్‌స్ట్రాడ్ వాళ్ళు 1999లో ఎమ్యులేటర్లతో పాటు దాన్ని పంచుకోండి, మాకేం అభ్యంతరం లేదు, డబ్బులు మాత్రం తీసుకోకండి అని చెప్పేశారు.

అత్తయ్య: మంచివాళ్ళే పాపం. కొందరైతే తీసుకున్నది కూడా ఇవ్వరు.

(ఈ మాట అప్పుడు నాకు మామూలుగానే వినపడింది.)

మామయ్య: ఇప్పుడు అసలు సంగతి. ఈ క్యాసెట్టు గుర్తుందా? 1989లో నేను సొంతంగా రాసిన ప్రోగ్రామ్! అప్పట్లో ప్రోగ్రాములు క్యాసెట్టులోనే సౌండుగా దాచుకునేవాళ్ళం కదా. దీన్ని టేప్‌లో ప్లే చేసి, ఆ సౌండు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేసి, ఆ ఫైలు ఎమ్యులేటర్‌కి ఇస్తే అది నిజం క్యాసెట్టే అనుకుని లోడ్ చేసుకుంటుంది. ఇదిగో రికార్డింగ్ అయింది. ఇప్పుడు లోడ్ కొట్టాలి, రా, నువ్వే కొట్టు.

అత్తయ్య: కొడతాను, అదెంతసేపు. ఎల్... ఇదేంటండీ, ఎల్ నొక్కితే లెట్ అని మొత్తం మాట పడింది?

మామయ్య: ఒక్కో మీటకి ఒక్కో మాట అక్కడ. లోడ్‌కి జె, ప్రింట్‌కి పి.

అత్తయ్య: లోడ్‌కి జె ఏంటి, తలాతోకా లేకుండా.

మామయ్య: జె నొక్కి, కొటేషన్ గుర్తులు రెండు కొట్టు, ఎంటర్. ఆఁ, అదీ.

(కీఁ................. అని పందికొక్కు పీక పిసికినట్టు ఒక చప్పుడు. స్క్రీన్ చుట్టూ అంచులో ఎరుపూ లేతనీలమూ చారలు పరుగెడుతున్నాయి. కాల్‌లో ఎవరో ఫైర్ అలారమా అని అడిగారు, అప్పుడు తెలిసింది నేను అన్‌మ్యూట్‌లో ఉన్నానని.)

అత్తయ్య: ఆపండి ముందు! కింద ఫ్లాటువాళ్ళు వస్తారు.

మామయ్య: లోడ్ అవుతోంది, ఆగవే! ఇప్పుడు నీలం పసుపు చారలు రావాలి, అదే అసలు డేటా.

అత్తయ్య: ఇంతసేపు ఎందుకు, ఇప్పటి కంప్యూటరేగా, గబగబా చెయ్యదా?

మామయ్య: చేస్తుంది. ఫాస్ట్ లోడింగ్ అని ఒక ఆప్షన్ ఉంది, టేపు నడుస్తున్నంతసేపూ ఎమ్యులేటర్ తనకున్న వేగమంతా పెట్టి పరుగెత్తేస్తుంది. నేనే తీసేశా. అప్పట్లో పెద్ద గేముకి 5 నిమిషాలు పట్టేది, ఇప్పుడూ పట్టాలి. లేకపోతే ఇంక మజా ఏముంది.

(దీనిమీద నా అభిప్రాయం, మామయ్యదే కరెక్టు. ఆ ఎదురుచూపు లేకపోతే అది ఫోన్లో ఆడుకునే ఇంకో గేము అంతే. కానీ అత్తయ్యకి వినపడేలా చెప్పే ధైర్యం లేదు.)

మామయ్య: ఛ! ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్. పొద్దుటి నుంచీ ఇదే గోల. ఈ క్యాసెట్టు పాడైపోయిందే, ఇక అంతే.

అత్తయ్య: క్యాసెట్టు కాదు, మీ టేపు హెడ్డు పక్కకి తిరిగింది. గొంతు మొద్దుగా వస్తోంది వినపడట్లా? అల్లుడి కళ్ళజోడు స్క్రూడ్రైవర్ ఏదీ?

మామయ్య: నువ్వు దాన్ని కెలకకు!

అత్తయ్య: మా అన్నయ్య తెనాలిలో టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు, హెడ్డు సరిచేసే పని నాదే. మీరు ప్లే నొక్కి నోరు మూసుకోండి.

(తలుపు సందులోంచి చూశా. హెడ్డుకి రెండు పక్కలా రెండు బుల్లి స్క్రూలు, ఒకదాని కింద సన్నటి స్ప్రింగు. అత్తయ్య ఆ స్ప్రింగు ఉన్నదాన్నే పట్టుకుంది. కళ్ళు మూసుకుని, చెవి స్పీకరుకి ఆనించి, వెంట్రుకవాసి ఇటు తిప్పింది, చప్పుడు ఇంకా మొద్దుబారింది, అటు తిప్పింది, అటే ఇంకొంచెం, ఉన్నట్టుండి ఆ కీఁ అన్నది సూదిలా సన్నబడి నా పళ్ళు జివ్వుమన్నాయి. అక్కడ ఆపేసింది.)

అత్తయ్య: ఊఁ. ఇప్పుడు మళ్ళీ రికార్డ్ చేసుకోండి.

మామయ్య: (లోడ్ కొట్టి) ఎరుపు చారలు... పేరు చదివింది! నీలం పసుపు! వస్తోందే, వస్తోంది! ఇందాకే చెప్పానా క్యాసెట్టు గట్టిదని!

అత్తయ్య: ఎప్పుడు చెప్పారు?

మామయ్య: అదలా ఉంచు. ఇంకో విచిత్రం చెప్తా, లోడ్ అయ్యాక ఎఫ్2 నొక్కితే స్నాప్‌షాట్. ఆ క్షణంలో మిషన్ మెమరీ మొత్తం ఒక ఫైల్లో పడిపోతుంది, ఎస్‌ఎన్‌ఏ ఫైలు, 49,179 బైట్లు. ఎప్పుడు తెరిచినా సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది. ఎఫ్5 నొక్కితే రీసెట్, అంతా మాయం. పైగా దీన్ని అప్పట్లో లైన్ 10 పెట్టి సేవ్ చేశా, లోడ్ అవ్వగానే మనం ఏం నొక్కక్కర్లేదు, దానంతటదే రన్ అయిపోతుంది. చూస్తూ ఉండు.

(రన్ అయింది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, లైనుకి 32 అక్షరాలు. అత్తయ్య కూడబలుక్కుని చదివింది.)

అత్తయ్య: ఇంటి లెక్కలు, జనవరి 89. అద్దె, పాలు, కిరాణా... ఇతరములు 210? ఏంటండీ ఈ ఇతరములు, కిరాణా కంటే ఎక్కువున్నాయ్?

మామయ్య: అవీ... పుస్తకాలూ, పెన్నులూ.

అత్తయ్య: అంటే సిగరెట్లు. సరోజ చీర, వచ్చే నెల. ఆ వచ్చే నెల ఇంకా రాలేదనుకుంటా. తర్వాతది... మామగారు, కంప్యూటరు కోసం, అప్పు 2500, నూటికి రెండు. ఏవండీ? మా నాన్న ఆ డబ్బు సంక్రాంతి పండక్కి కట్నంగా పెట్టాడని కదా మీరు చెప్పిందీ?

మామయ్య: ఇది... టెస్టింగ్ కోసం పెట్టిన డేటా అయ్యుంటుంది. (చెయ్యి ఎఫ్5 వైపు వెళ్ళింది.)

అత్తయ్య: తియ్యండి చెయ్యి! ఎఫ్2 ఇదేనా? సేవ్ అయిందా? ఆఁ. ఇప్పుడు అమ్మాయికి వాట్సాప్ చెయ్యండి ఆ 49 వేల బైట్లూ. చేశాక వడ్డీ లెక్క కట్టండి. పి నొక్కితే ప్రింట్ అన్నారుగా.

మామయ్య: సరదాకే కదా?

అత్తయ్య: సరదాకే. నూటికి రెండు, 36 ఏళ్ళు, నెలనెలా చక్రవడ్డీ.

మామయ్య: ప్రింట్ 2500 ఇంటూ 1.02, దానిమీద పైకి బాణం, సింబల్ షిఫ్ట్ హెచ్... 36 ఏళ్ళంటే 432 నెలలు. ఎంటర్.

(స్క్రీన్ మీద ఎనిమిది అంకెలు పడ్డాయి. ఇద్దరూ వేళ్ళు పెట్టి ఒకట్లు, పదులు, వందలు అని లెక్కపెట్టుకున్నారు.)

అత్తయ్య: కోటీ ఇరవై తొమ్మిది లక్షల డెబ్బై ఎనిమిది వేలు, పైన చిల్లర.

మామయ్య: ఇది ఎమ్యులేటర్లో బగ్గే!

అత్తయ్య: ఒక్క బిట్టు తేడా రాదన్నారు? లోపాలతో సహా దించారన్నారు?

మామయ్య: సరోజా, మన గుంటూరు ఇల్లు అమ్మినా అంత రాదే.

అత్తయ్య: సరే పోన్లెండి, కట్టుకున్నవాడు, కనికరించకపోతే ఎలా. చక్రవడ్డీ వదిలేస్తా, బారువడ్డీ వెయ్యండి. నెలకి 50, ఏడాదికి 600, మొత్తం 21,600. అసలు కలిపి 24,100.

మామయ్య: అంతేనా? (ప్రాణం లేచొచ్చి) అంతే కదా, ఫోనేదీ, ఇప్పుడే కొట్టేస్తా! ఇదిగో, వెళ్ళిపోయింది చూస్కో.

(డబ్బు పడ్డ టింగుమన్న చప్పుడు నా గదిలోకి కూడా వినపడింది. కోటి నుంచి బేరం మొదలుపెట్టి 24 వేలకి మనిషిని సంతోషంగా ఒప్పించడం మా మేనేజర్‌కి కూడా చేతకాదు.)

అత్తయ్య: ఇక చీర సంగతి.

మామయ్య: రేపు చూద్దాంలే. ఈ క్యాసెట్టు లోపల పెట్టేస్తా.

అత్తయ్య: అప్పుడే ఎందుకు, రెండో వైపు ఉందిగా.

మామయ్య: రెండో వైపు ఏం లేదే, ఖాళీ, ఉత్త ఖాళీ.

అత్తయ్య: ఖాళీదానికి అంత చెమటెందుకండీ. ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వండి, క్యాసెట్టు తిప్పండి.