గాభరా పడేవాళ్లకి "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని చెప్పడం ఆపండి

ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, కాళ్లలో వణుకు, ఇక ఏదీ నా చేతుల్లో లేదన్న భయం. ఇలాంటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు అనే మాటలు రెండే. "ధైర్యంగా ఉండు, ఏం కాదు." "గట్టిగా ఊపిరి పీల్చుకో." మొదటిదాంతో ఒరిగేదేం లేదు, పోనీ నష్టమూ లేదు. రెండోదానితోనే నా పేచీ అంతా.

గాభరాలో మనిషి అప్పటికే అవసరానికి మించి గాలి పీలుస్తుంటాడు. మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఆడే ఊపిరి ఇంకా వేగం అందుకుని, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో మెదడుకెళ్లే రక్తనాళాలు కుంచించుకుపోయి తల తిరుగుతుంది. మూతి చుట్టూ, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి. ముదిరితే చేతివేళ్లు కొంకర్లు పోతాయి, అది చూసి ఇంట్లోవాళ్లు పక్షవాతమని ఏడుపు లంకించుకుంటారు. ఆక్సిజన్‌కి లోటేమీ ఉండదు, అయినా ఊపిరి అందట్లేదనే అనిపిస్తుంది. అలాంటివాణ్ణి పట్టుకుని ఇంకా పీల్చమంటే ఏమవుతుంది?

చెయ్యాల్సింది వదలడం. కూర్చోబెట్టండి. ముందు లోపలున్న గాలిని నోటితో, వేడి టీ ఊదినట్టు, మెల్లగా వదలమనండి. తర్వాత ముక్కుతో 4 లెక్కపెట్టేంతసేపు, ఛాతీ పొంగించకుండా పీల్చి, 6 లెక్కపెట్టేంతసేపు వదలాలి. అంటే నిమిషానికి 6 సార్లు. కనీసం 5 నిమిషాలు. 4-6 కష్టంగా ఉంటే 3-4తో మొదలుపెట్టొచ్చు. మొదటి ఒకట్రెండు నిమిషాలు గాలి చాలట్లేదనిపిస్తుంది, చాలామంది అక్కడే వదిలేసి "నాకిది పనిచెయ్యదు" అంటారు. పడిపోయిన కార్బన్ డయాక్సైడ్ మళ్లీ పెరగడానికి ఆ మాత్రం టైం పడుతుంది మరి. పక్కనున్నవాళ్లు ఉపదేశాలు మాని, వినపడేలా తామే ఊపిరి వదులుతూ కూర్చుంటే అంతకంటే సాయం లేదు. సినిమాల్లోలా మూతికి కాగితం సంచి మాత్రం పెట్టకండి. అది ఉబ్బసమో గుండెపోటో అయితే ప్రాణం మీదికొస్తుంది.

మన దగ్గర ఇంకో జబ్బుంది, అన్నిటికీ "గ్యాస్" అనడం. గాభరా అయినా గ్యాసే, గుండెపోటైనా గ్యాసే. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి నొప్పి ఎడమ చేతికో దవడకో వీపుకో పాకితే, మనిషికి షుగర్, బీపీ ఉంటే, వయసు 40 దాటితే, లేదా ఇలా రావడం అసలు ఇదే మొదటిసారైతే ఇంట్లో తీర్పులు చెప్పకుండా 108కి ఫోన్ చెయ్యండి. ఒక్క ఈసీజీ బాగుందని సరిపెట్టుకోకండి, గుండె కండరం దెబ్బతిందేమో చూసే రక్తపరీక్ష, ట్రోపోనిన్, మళ్లీ చెయ్యాలని డాక్టర్ అంటే ఉండండి.

గుండె బాగుందని తేలిందా, ఇక సెలైన్ బాటిల్ మొదలు. గాభరా మామూలుగా 10 నిమిషాల్లో తారస్థాయికెళ్లి, అరగంటలో దానంతటదే దిగుతుంది. బాటిల్ సగమయ్యేసరికి తగ్గిపోతుంది, పేరు మాత్రం బాటిల్‌కి. ఇక ఆ మనిషి బాటిల్ దొరకని చోటికి వెళ్లాలంటే వణుకుతాడు. దానికి బదులు ఒకసారి థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి, వాటి తేడాతోనూ దడ వస్తుంది. కాఫీ, టీ తగ్గించండి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అల్ప్రాజోలం, అంటే ఆందోళనను అప్పటికప్పుడు అణిచే మాత్ర, దాని సంగతి ఇంకా ఘోరం. కొన్ని వారాలు రోజూ వేస్తే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా మానేస్తే గాభరా రెట్టింపవుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ఇప్పటికే వేసుకుంటున్నవాళ్లు డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగానే తగ్గించాలి. సైకియాట్రిస్టు రాసే అసలు మందులు చాలావరకు పనిచెయ్యడానికే కొన్ని వారాలు పడతాయి. మొదటి వారం కాస్త అలజడి పెరగొచ్చు కూడా. సరిగ్గా అప్పుడే మన జనం మానేస్తారు. డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలి మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. 2022లో మొదలైంది, ఉచితం, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

బస్సులో గాభరా వచ్చిందని బస్సెక్కడం మానేస్తే, తర్వాత లిఫ్టు, ఆ తర్వాత పెళ్లిళ్లు మానేస్తారు. గుండె బాగుందని తేలాక మళ్లీ అదే బస్సెక్కండి, రెండు స్టాపులే వెళ్లండి. భయం నెత్తికెక్కినప్పుడు దిగిపోవద్దు. కాస్త తగ్గాక, తర్వాతి స్టాపులో దిగండి.