విశాఖ రాహుకాలం విశాఖదే

సోమవారం రాహుకాలం ఎప్పుడని మన ఊళ్లో ఎవర్ని అడిగినా ఏడున్నర నుంచి తొమ్మిది అని ఠక్కున చెప్పేస్తారు. గోడ క్యాలెండర్లో అదే, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చేదీ అదే. నిజానికి ఆ లెక్క సూర్యుడు సరిగ్గా ఆరింటికి ఉదయించి ఆరింటికి అస్తమించే రోజుకే కుదురుతుంది. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే సోమవారానికి రెండోది, శనివారానికి మూడోది, ఇలా వారానికో భాగం రాహుకాలం. జూన్ మూడో వారంలో విశాఖలో 5.23 ప్రాంతానికే తెల్లగా తెల్లారిపోయి సూర్యుడు కనిపిస్తాడు, ఆరున్నర దాటితే గానీ అస్తమించడు, కాబట్టి ఒక్కో భాగం 99 నిమిషాల దాకా వస్తుంది, సోమవారం రాహుకాలం ఏడింటికే మొదలై 8.40కల్లా అయిపోతుంది. మధురవాడలో ఫ్లాట్ గృహప్రవేశానికి ఇంకా రాహుకాలం రాలేదు కదా అని ఏడుంపావుకి గడప దాటినవాళ్లు సరిగ్గా అందులోనే అడుగుపెట్టినట్టు! డిసెంబర్లో పగలు చిన్నది, అదే రాహుకాలం 7.43 నుంచి 9.06 దాకా ఉంటుంది. నమ్మకం ఉన్నవాళ్లు ఇంత ఖర్చుపెట్టి ముహూర్తం పెట్టుకుని, టైం మాత్రం ఊరూపేరూ లేని పట్టికలో చూసుకోవడం నాకు బాధగా ఉంటుంది.

తిథి సంగతి ఇంకా ఆసక్తికరం. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. చంద్రుడి వేగం ఎప్పుడూ ఒకేలా ఉండదు, అందుకే ఒక తిథి 20 గంటలకే అయిపోతే ఇంకోటి 26 గంటలు దాటి సాగుతుంది. తిథి మారే క్షణం దేశమంతటికీ ఒకటే గానీ, ఆ రోజుకి ఏ తిథి అన్నది సూర్యోదయాన్ని బట్టి చెబుతాం. జూన్‌లో ఏదో ఒక రోజు దశమి 5.32కి అయిపోయిందనుకోండి, అప్పటికే సూర్యుడు వచ్చేసిన విశాఖకి ఆ రోజు దశమి, 5.42కి గానీ తెల్లారని హైదరాబాదుకి ఏకాదశి. రెండూ కరెక్టే.

2024లో దీపావళి అక్టోబర్ 31నా, నవంబర్ 1నా అన్న గొడవ గుర్తుందిగా. అమావాస్య అక్టోబర్ 31 మధ్యాహ్నం 3.52కి వచ్చి నవంబర్ 1 సాయంత్రం 6.16 దాకా ఉంది. ఒకటో తేదీన సూర్యాస్తమయం తర్వాత విశాఖలో ఇంకా 50 నిమిషాలు అమావాస్య మిగిలితే ముంబైలో పదీ పదకొండు నిమిషాలే మిగిలింది. రాత్రంతా అమావాస్య ఉన్న 31నే మనం చేసుకున్నాం, నా దృష్టిలో అదే సబబు. లెక్క తప్పి వచ్చిన గొడవ కాదది, ఏ నియమం పట్టుకోవాలన్న దగ్గర వచ్చింది.

పంచాంగం కొనేటప్పుడు ఏ ఊరికి గణించారో మొదటి పేజీల్లో చూడండి. హైదరాబాదుకైతే రాహుకాలం, దుర్ముహూర్తం విశాఖలో దాదాపు 19 నిమిషాలు ముందే వస్తాయి. వర్జ్యాన్ని మాత్రం కదపొద్దు, అది నక్షత్రాన్ని బట్టి వచ్చేది, ఊరు మారినా దాని టైం మారదు.